కొత్తవాడ అమావాస్య విమానం

మార్కండేయులు మొట్టమొదట గెలిచింది ఒక మేక మీద. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. దీపావళి అమావాస్య నాటి పొద్దున, వరంగల్ కొత్తవాడలో, తన ఇంటి అరుగు మీద రెండడుగుల పొడుగున్న విమానం బొమ్మను నిలబెట్టి, పక్కింటి చిలుకమ్మ మేకను కావాలనే తాడు విప్పించి వదిలాడు. మేక వచ్చింది. విమానం తోకకు మూతి ఆనించింది, వాసన చూసింది, తుమ్మింది, తిరిగి పోయింది. వాడకట్టంతా చూస్తుండగా జరిగిన సంగతి ఇది. కాదనడానికి ఎవరికీ వీలు లేదు.

అంతకు ముందు అదే మేక అదే తోకను తినేసింది. ఆ ముచ్చట చెప్పాలంటే ముందు మనిషిని చెప్పాలి.

మార్కండేయులు పుట్టింది నర్సంపేట అవతల ఒక పల్లెలో. ఒక పంతులు, కాస్త ఇసుక, వేలితో దిద్దిన అక్షరాలు, అదే ఆయన చదువు. మీసాలు రాకముందే గుంట మగ్గంలో కాళ్లు పెట్టాడు. వచ్చీరాని మీసాలతో ఏనుగుల బారు ఉన్న జంపఖానా నేశాడు. తొర్రూరులో ఒక పెళ్లికి దాన్ని పరిస్తే, ఏనుగుల మీద కూర్చోవడానికి మొహమాటపడి మగపెళ్లివారు అంచుల మీద సర్దుకున్నారు. తరువాత ఆయన పల్లె దొర హాలు నిండా పరిచే జంపఖానా ఊరికే నేసిమ్మని కబురు పెట్టాడు. మార్కండేయులు నేయనన్నాడు. అప్పటికి దొరకు ఆ మాట చెప్పిన సాలెవాడు ఆ చుట్టుపక్కల లేడు. మగ్గం విప్పి బండి మీద వేసుకుని, భార్య విమలమ్మను వెంటబెట్టుకుని వరంగల్ దారి పట్టాడు. దొర మనుషులు పొలిమేర దాకా వచ్చి, తలకాయ వంచుకుని తిరిగి రాకపోతావా అన్నారట. పదిహేనేళ్లయింది. పోలేదు.

అట్లాంటి మనిషికి విమానం పిచ్చి పట్టింది.

యుద్ధం రోజులు. మామునూరులో విమానాలు దిగే మైదానానికి జంపఖానాలు కావాలంటే మార్కండేయులు బండి కట్టుకుని పోయాడు. అక్కడ ఒక యుద్ధ విమానం మరమ్మతుకు నిలబడి ఉంది. హరికేన్ అట దాని పేరు. దాని వెనక భాగంలో జానెడు చిరుగు. ఒక పంజాబీ మెకానిక్ నిచ్చెన ఎక్కి, సూదీ దారంతో ఆ చిరుగు కుడుతున్నాడు. మార్కండేయులు బండి దిగినవాడు దిగినట్టే నిలబడిపోయాడు. విమానమంటే మొత్తం ఇనుమనుకున్నాడు ఆయన. ముందు సగం రేకే గాని, వెనక సగం కర్రల మీద బిగించిన బట్ట. ఆకాశంలో మనుషుల్ని మోసుకుపోతున్నది సగం బట్టే.

అంతే. మెకానిక్‌ను బతిమాలాడో, బీడీలిచ్చాడో తెలియదు, నూలు దారం ఒకటి విమానం ముక్కు నుంచి తోక దాకా పట్టి, తెంపి, కండెకు చుట్టుకున్నాడు. రెక్కల కొస నుంచి కొసకు ఇంకొకటి. విమానం పొడుగూ వెడల్పూ రెండు కండెలుగా రొండిన దోపుకుని ఇంటికి తెచ్చాడు. ఇంటికొచ్చాక దారాన్ని సగానికి మడిచాడు, మళ్లీ సగానికి, మళ్లీ, మళ్లీ. నాలుగు మడతలు పడేసరికి రెండడుగులకు దిగింది. రెక్కల దారాన్నీ అన్ని మడతలే వేశాడు. విమానంలో పదహారో వంతు కొలత ఆ విధంగా కుదిరింది.

చేసేవాళ్లు కావాలి కదా. మగ్గాలు చేసే వడ్ల నర్సింగం చెక్క పనికి ఒప్పుకున్నాడు. విమలమ్మ తమ్ముడు వెంకట్రాజం, నోటికి తాళం లేని మనిషి, పిలవకుండానే వచ్చాడు. విమలమ్మ సరేసరి. కాని పని చేసేదెప్పుడు? సాలెవాళ్లకు మగ్గం ఆగేది నెలకొక్కసారి, అమావాస్య నాడు. కనుక విమానం పని కూడా అమావాస్య నాడే. ఉగాది ముందరి అమావాస్య నాడు మొదలుపెట్టారు. అమావాస్య పూట ఎత్తుకున్న పని పైకి లేస్తుందా అని చిలుకమ్మ గోడ మీది నుంచి అడిగింది.

“లేవకుంటె మానె చిలుకక్కా,” అన్నాడు మార్కండేయులు. “గిది ఎగిరేది గాదు. సూసెటోళ్ల కండ్లు ఎగరాలె.”

నర్సింగం పనితనం చెప్పకపోతే పాపం. అరిగిపోయిన నాడె ఒకటి తీసుకుని, మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ మోసిన ఆ చెక్కనే విమానానికి ముక్కుగా చెక్కాడు. అది మార్కండేయులు తండ్రి వాడిన నాడె. వెదురు బద్దలు కాల్చి వంచి వెనక పక్కటెముకలు పెట్టాడు. ముక్కు కొసన తిరిగే పంకా మూడు రెక్కలూ ఒకే తూకంలో చెక్కితే, ఊదినంత మాత్రాన తిరిగేది. ఆషాఢ అమావాస్యకు సూర్యగ్రహణం పట్టి ఎవరూ పనిముట్టు ముట్టలేదు. నెల పోయింది. నర్సింగం ఆ రోజంతా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

బట్ట మాత్రం మార్కండేయులు వంతు. అసలు విమానం మీద మట్టి రంగు, ఆకు రంగు మచ్చలు మచ్చలుగా పూసి ఉంటుంది, పైనుంచి చూసేవాడికి నేలలో కలిసిపోయేటట్టు. ఆయన రంగు పూయదలచుకోలేదు. మచ్చల్ని నేయదలచుకున్నాడు. విమలమ్మ పుట్టిల్లు పుట్టపాక. నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ముడులు విప్పి, ఆ నూలుతోనే బొమ్మ నేసే విద్య ఆమెకు పుట్టింటి సొమ్ము. ఆమె ముడులు కట్టింది, అమావాస్య నాడు మగ్గం ముట్టరు గనుక ఆయన మిగతా రోజుల్లో రాత్రిపూట నేశాడు. మట్టి రంగు ఆకు రంగులోకి జారేచోట గీత ఉండదు, మబ్బు అంచులాగా కరిగి ఉంటుంది. ఆ బట్టను ముక్కు నుంచి తోక దాకా అతికి, నూలుకు పెట్టినట్టే గంజి పెట్టి ఎండబెట్టారు. వేలితో కొడితే డప్పులాగా మోగింది.

మరి గంజి అంటే అన్నమే కదా. శ్రావణ అమావాస్య నాడు అందరూ బువ్వకు లేచిన కాసేపటికి చిలుకమ్మ మేక వచ్చి తోకంతా నమిలి, రెక్క వైపు చూస్తోంది. పుట్టినప్పటి నుంచి గంజిలో చేతులు పెట్టినవాళ్లు ముగ్గురున్నారు. ఒక్కరికీ తట్టలేదు.

చిలుకమ్మ తప్పు ఒప్పుకోకపోగా, మేకకు ఏమన్నా అయితే ఊరుకోనంది. వెంకట్రాజం, మేక కడుపులో విమానం ఉంది గనుక ఇక దానికి తాడు కట్టకు, ఎగిరిపోతే నిన్ను కూడా తీసుకుపోతుందన్నాడు. మార్కండేయులు నవ్వలేదు. మర్నాడే విమలమ్మ మళ్లీ ముడులు కట్టడానికి కూర్చుంది. ఈసారి గంజిలో మైలుతుత్తం కలిపారు. బూజు పట్టకుండా కొందరు నూలు గంజిలో కలిపే నీలి రాయి అది, నాలుకకు తగిలితే చేదు విషం. బతుకమ్మ పూలకు పోవలసిన అమావాస్య నాడు విమలమ్మ ఇంట్లోనే ఉండి గంజి కాచింది. ఆ తరువాతి అమావాస్య దీపావళి. అరుగు మీద మేక తుమ్మిన కథ మొదటే చెప్పాను.

చిలుకమ్మ మెల్లగా తోకను తడిమి చూసి, “నా మేకనే ఇడిసిపెట్టిందంటె గట్టిదే,” అంది. కొత్తవాడలో అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

మాఘంలో హనుమకొండలో ప్రదర్శన పెట్టారు. చేతిపనుల బల్లలు, పూల కుండీలు, వాటితోపాటు చిన్న విమానాల బల్ల ఒకటి. దాని వ్యవహారమంతా రామలింగం అనే కార్యదర్శిది. మర్యాదస్తుడే. విమానాన్ని రెండు చేతులా ఎత్తి చూసి, పంకా ఊది తిప్పి, ఇట్లాంటిది ఈ జిల్లాలో చూడలేదన్నాడు. తరువాత నిబంధన చెప్పాడు. అసలు విమానానికి ఏ రంగు పూత ఉంటే నమూనాకూ అదే పూత ఉండాలి. నేత కనబడకూడదు. పైగా అసలుదానికి ముందు సగం రేకు, ఇక్కడ ముక్కు దాకా బట్టే ఉంది. తన దగ్గర రంగు డబ్బాలున్నాయి, మధ్యాహ్నంలోగా పూస్తే బల్ల మీద మొదటి వరుసలో పెడతానన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. మార్కండేయులుకూ తెలుసు.

“మీరు జెప్పింది నిజమే సారూ,” అన్నాడు. “గని రంగు ఎయ్యను.”

రామలింగం ఇది చీర ముక్క కాదు, విమానం అన్నాడు. అందరూ బట్టే చూస్తారు, విమానం ఎవరు చూస్తారన్నాడు. మార్కండేయులు తోక మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అప్పుడు నర్సింగం వంగి రంగు డబ్బా మీది కుంచె చేతిలోకి తీసుకున్నాడు.

“ఎయ్యనియ్యి అన్నా,” అన్నాడు. “బల్ల మీద వెడితె సాలు.”

“నువ్వు గూడ గదే అంటవా తమ్మీ?”

“అంట. నీ బట్ట పోతాందని నీకు బాధ. నేను చెక్కిన చెక్క ఎవలికన్న కనవడ్తాందా? ముక్కు కాడికెల్లి తోక దాక నీ బట్ట కిందనే ఉండె. ఒక్కనాడన్న అడిగిన్నా నిన్ను?”

మార్కండేయులు నర్సింగం చేతిలోని కుంచెను చూశాడు, తరువాత విమానం ముక్కును చూశాడు. ఏడాది పొడుగునా ఒక్క అమావాస్యా తప్పకుండా వచ్చిన మనిషి. తండ్రి నాడెను అంత ప్రేమగా చెక్కిన మనిషి. ఆ చెక్క మీద బట్ట కప్పేటప్పుడు తాను అడిగిన పాపాన పోలేదు.

గోరుతో ముక్కు కొసన బట్ట అంచు లేపాడు. విమలమ్మ “అయ్యో” అనబోయి ఆగింది. ఆ ముడులు ఆమె కట్టినవి, రెండోసారి కట్టినవి. ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె కొంగు నడుముకు దోపి, ముందుకొచ్చి, రెండో పక్క అంచు తనే పట్టుకుంది.

“సక్కగ గుంజు,” అంది. “ఒంకర చీరితె ఊకోను.”

ఇద్దరూ కలిసి ముక్కు నుంచి పైలట్ కూర్చునే చోటి దాకా బట్ట చీల్చేశారు. కింద నాడె చెక్క బయటపడింది. తరాల చేతుల జిడ్డుకు నల్లగా, నున్నగా, ఏ రంగూ ఇవ్వని మెరుపుతో ఉంది. ముందు సగం చెక్క, వెనక సగం బట్ట. నర్సింగం కుంచె డబ్బా మీద పెట్టేశాడు. ధోవతి చెంగుతో చెక్క మీది గంజి మరకలు తుడిచాడు.

“ఇగ పెట్టుండ్రి సారూ,” అన్నాడు మార్కండేయులు. “గిట్లనే పెడ్తె పెట్టుండ్రి.”

రామలింగం తల అడ్డంగా ఆడించాడు. ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలన్నాడు. హైదరాబాదులో వచ్చే నెల పెద్ద ప్రదర్శన ఉంది, అక్కడా ఇవే నిబంధనలు, మీ మొండితనం అక్కడా నడవదన్నాడు. ఆయన తెలియకుండా అన్న ఆ మాట వల్లే మార్కండేయులుకు హైదరాబాదు సంగతి తెలిసింది.

ఆ పూట నలుగురూ ఇంటికి పోలేదు. ప్రదర్శన గేటు బయట సోడా బండివాణ్ణి అడిగి స్టూలు తెచ్చి, దాని మీద విమానం పెట్టుకుని నిలబడ్డారు. లోపలికి పోయేవాళ్లు ఆగారు, బయటికి వచ్చేవాళ్లు ఆగారు. పాలకుర్తి జాతరలో బట్టలమ్మే ఒక ముసలాయన తోక బట్టను వేళ్ల మధ్య నలిపి చూసి, అదే వేళ్లతో ముక్కు చెక్కను నిమిరి, ఈ రెండూ ఒక్కరే చేశారా అని అడిగాడు. మార్కండేయులు చెప్పకముందే వెంకట్రాజం అందుకున్నాడు.

“చెక్క మా నర్సింగన్నది. రంగు మా అక్కది. నేత మా బావది. నాది నోరు.”

సాయంత్రం రామలింగం కూడా గేటు దాకా వచ్చి, దూరం నుంచి కాసేపు చూసి పోయాడు. బల్ల మీద పెడతానని మాత్రం అనలేదు. అనాలని వీళ్లూ చూడలేదు.

ఇప్పుడు మార్కండేయులు హైదరాబాదులో ఉన్నాడు. విమలమ్మ వెదురు గంపలో దూది పరిచి విమానాన్ని పడుకోబెట్టింది. ప్రయాణంలో ఎలుకలుంటాయని తోకకు ఇంకొక పూత మైలుతుత్తం గంజి పట్టించింది. స్టేషన్‌కు నలుగురూ పోయారు. అక్కడ కూడా రంగెయ్యమంటే ఏం చేస్తావని నర్సింగం అడిగాడు. అక్కడ కూడా గేటుంటది, గేటు బయట జాగ ఉంటది అన్నాడట మార్కండేయులు. బల్ల మీద పెట్టారో, గేటు బయట నిలబెట్టారో కబురు ఇంకా రాలేదు. దొరకు తలవంచనివాడు, మేక చేత తుమ్మించినవాడు, రంగు డబ్బాకు చెయ్యి అడ్డం పెట్టినవాడు ఏదో ఒకటి చేసే వస్తాడు. ఒకటి మాత్రం ఖాయంగా చెప్పి పోయాడు. రెండో విమానానికి నర్సింగం వెదురు కోసి నీళ్లలో నానవేశాడు గనుక, దాన్ని మొదలుపెట్టే అమావాస్య దాటనివ్వనని.

మార్కండేయులు తిరిగి వచ్చేది ఫాల్గుణ అమావాస్య, బుధవారం, 1945 మార్చి 14.