మెసేజ్ చివర పువ్వు

కంటి ఆసుపత్రి కౌంటర్లో కూర్చునే ఆవిడ మెసేజ్ రాసేటప్పుడు జపం చేస్తున్నట్టు పెదాలు కదుపుతూ, వేళ్ల కణుపుల మీద అక్షరాలు లెక్కపెడుతుంది. నూట అరవై దాటితే మెసేజ్ రెండు ముక్కలవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఈమధ్యే నేర్చుకున్న పువ్వు బొమ్మ ఒకటి చివర పెడుతుంది. ఆపరేషనంటే ఎవరికైనా గుండె దడే కదా! ఇవాళ ఒక పెద్దాయన సుష్టుగా తినేసి వచ్చాడు. ఆపరేషన్ రేపటికి వాయిదా పడింది. “తినకుండా రమ్మన్నాం కదా బాబాయ్ గారూ?” అంటే, తన పాత ఫోను చూపించాడు. ‘నమస్కారమండి. రేపు 9 గంటలకు మీ కంటి ఆపరేషన్. ఉదయం టిఫిన్’ అని ఉంది, అంతే. “మీరు చెప్పారనే, ఆకలి లేకపోయినా తిన్నానమ్మా.”

ఆవిడ ఆ ఫోను తీసుకుని చూసింది. కంప్యూటర్లు చూసే అబ్బాయిని పిలిచింది. “ఆ పువ్వు వల్లేనక్కా. ఒక్క బొమ్మ చేరినా మొత్తం లెక్క మారిపోతుంది, డెబ్బై అక్షరాలకే మెసేజ్ నిండిపోతుంది. మిగతాది రెండో ముక్కగా వెళ్లింది. అది ఈయనకి అందలేదు.”

“చివరున్న పువ్వు ముందున్న మాటల్ని ఎలా మింగుతుందయ్యా?”

అతను మళ్లీ చెప్పాడు. మళ్లీ అర్థం కాలేదు. సాయంత్రం మళ్లీ మెసేజ్ రాసి, పువ్వు తీసేసి చదువుకుంటే కోర్టు నోటీసులా అనిపించింది. అలాగే పంపి, పెద్దాయనకు ఫోన్ కూడా చేసింది.

“రేపు ఏమీ తినకండి బాబాయ్ గారూ.”

“సరే. అంతేనా అమ్మా?”

పువ్వును మాటల్లో ఏమంటారో తోచక కాసేపు తడుముకుంది.

“నేనిక్కడే ఉంటాను,” అంది.