దొడ్డి పక్కన మా వదిన మంచం

శీనూ, నిన్నటి నుంచి ఏమన్నా తిన్నావా నాయనా?

అన్నా, బీపీ మాత్ర మానొద్దు.

చెల్లీ రమణమ్మా, జలదంకిలో ఒక్కదానివే ఉండావు. నీ నడుము ఎట్లుండాది? ఫోన్‌లో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోవద్దు. నిజం చెప్పు.

ఫోన్ మోగితే చాలు, నాకు దడ. ఎవరికో ఏదో అయిందనుకుంటాను. ఎప్పుడూ ఏమీ అయి ఉండదు.

నిన్న పొద్దున అయింది.

"అత్తా, అమ్మ పోయింది" అన్నాడు శీను.

"ఏ అమ్మ?" అన్నాను. నోటికి అదే వచ్చింది.

మా కొండమ్మ వదిన.

ఉదయగిరి కొండ కింద గొర్రెల మందతో బతికిన మనిషి. సాయంత్రం దొడ్డి తడిక దగ్గర నిలబడి, లోపలికి పోయే ఒక్కో గొర్రెనూ పేరు పెట్టి పిలిచేది.

ఒకసారి నేను ఆత్మకూరు నుంచి వెళ్ళి, సాయం చేద్దామని లెక్కపెట్టి, "అన్నీ వచ్చేసినాయి వదినా, తడిక ముయ్యి" అన్నాను.

"లెక్క సరిపోయిందిలేమే. ఆ మూలది పక్కోళ్ళది. మన చుక్కమొకంది యాడనో ఉండాది. నీ టౌన్ లెక్కలు మా గొర్రెలకు పనికిరావు!"

పోయి తోలుకొచ్చింది కూడా.

తర్వాత నడుము నొప్పి పట్టుకుంది. ఏళ్ళ తరబడి. పైకి కనపడని నొప్పి కదా, "ఎవురికి లేవులే నొప్పులు" అనేవాళ్ళు. చెప్పడం మానేసింది. మంద వెంట పోవడం ఆగింది. నిద్ర కరువైంది.

గొర్రెల అరుపులకు నిద్ర చెడుతుందని, ప్రేమతోనే, ఆమె మంచం దొడ్డి పక్క నుంచి తీసి వెనక గదిలో ఫ్యాన్ కింద వేశారు.

అక్కడ పేరు పెట్టి పిలవడానికి ఏముంది? గోడ.

మాట తగ్గింది. ఊరికే ఏడ్చేది. తర్వాత పేర్లు పోయాయి. ముందు గొర్రెలవి, ఆ తర్వాత మావి.

నొప్పికి తైలం రాశారు, ఏడుపుకు తాయెత్తు కట్టారు, మతిమరుపుకు వయసు అన్నారు.

నెల్లూరులో డాక్టరమ్మ మాత్రం, ఇవి మూడూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తుంటాయని చెప్పింది. నొప్పి ఉన్న అందరికీ మతి పోదు, కానీ నొప్పిని, దిగులును మొదట్లోనే చూపించుకోవాలి అంది.

అది విని శీను, వాళ్ళమ్మ మంచాన్ని మళ్ళీ దొడ్డి పక్కకు తెచ్చాడు.

పోయిన నెల వెళితే వదిన నన్ను గుర్తుపట్టలేదు. చుక్కమొకందాని పిల్ల మంచం దగ్గరికి వచ్చింది. "ఎవురిదిమే ఇది?" అని వదిన నన్నే అడిగింది. అడుగుతూనే ఆమె చెయ్యి దాని చెవి వెనక గోకుతోంది.

పేరు పోయింది. చెయ్యి మరిచిపోలేదు.

రమణమ్మా, మొన్న ఫోన్‌లో మన పిన్నమ్మ పేరు గుర్తు రాక నవ్వేసినావు. నాకు నవ్వు రాలేదు. భజనకు పోవడం కూడా మానేసినావంట.

వదినా, ఇంక నీకు నొప్పి లేదు. నీ ప్రాణం చల్లగా ఉండాలి. నీ మంద అంతా చేరేదాకా అక్కడ తడిక ముయ్యొద్దు.

రమణమ్మా, పెద్దకర్మ అయిన మరునాడు, బుధవారం, మొదటి బస్సుకు వస్తున్నా. ఇద్దరం డాక్టర్ దగ్గరికి పోదాం. ఇంటికి తాళం వేసి యాడికీ పోవద్దు.