సమాధి రాయి, వంటగట్టు

ఒక నిమ్మచెక్కతో, ఒక సీసా యాసిడ్‌తో కొత్త వంటింటిని ఎలా నాశనం చెయ్యాలో నేర్చుకోవాలనుకుంటే నా దగ్గరికి రండి. ఫీజు అక్కర్లేదు, అది మా ఆవిడ రూతు ఎప్పుడో కట్టేసింది.

పెళ్లయిన దగ్గర్నుంచీ శ్రీకాకుళం అద్దె కొంపల్లో, చీకటి వంటగదుల్లో వండి వండి విసిగిపోయిన మనిషి. సొంతిల్లు కడుతుంటే హాలూ, గేటూ, రంగులూ అన్నీ నాకే వదిలేసి ఒక్కటే అడిగింది.

"వంటగట్టుకి టెక్కలి నీలం రాయి ఎయ్యించండి. ఇంకేటీ అడగను."

రాళ్ల క్వారీలో పనిచేసే ఆవిడ తమ్ముడు సుందరం కోటబొమ్మాళి నుంచి ఆ నీలం గ్రానైట్ ముక్క సంచిలో తెచ్చి నా ముందు పెట్టాడు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. చర్చి సమాధుల తోటలో మా అమ్మ మీద పరిచింది ఆ రాయే మరి!

"సమాధి రాయి మీద సేపలు కోస్తార్రా ఎవరైనా?" అన్నాను.

"ఏటి బావా నువ్వు! ఎండకీ వానకీ సెక్కు సెదరని రాయి. గట్టుకి ఇంకేటి కావాల?"

"టీ పెట్టుకున్నప్పుడల్లా అమ్మ గుర్తొస్తాదిరా."

"గుర్తొస్తే మంచిదే కదండీ" అంది రూతు.

జవాబు దొరకనప్పుడు మొగుడనేవాడు ఏం చేస్తాడో మీకు తెలుసు. గొంతు పెంచాను. విశాఖపట్నం వెళ్లి, పాలలాంటి తెల్లటి పాలరాయి తెచ్చి వేయించాను. చుట్టాలందరికీ చెప్పులు విప్పించి మరీ చూపించాను.

కొత్తింట్లో చేరే ప్రార్థన రోజున హాల్లో పాస్టరుగారు ఆశీర్వదిస్తున్నారు. వంటింట్లో కళింగపట్నం నుంచి వచ్చిన చేపలు పులుసవుతున్నాయి. ఆమెన్ అని లోపలికి వెళ్లి చూద్దును కదా, చింతపండు రసం ఒలికిన చోటల్లా రాయి మెరుపు పోయి వెలవెలబోతోంది. పక్కనే అరచేయంత పసుపు మరక.

"తుడు!" అన్నాను.

"తుడిసేనండీ, పోలేదు. సుందరాన్ని ఓ మాట అడుగుదుం."

"ఆడినా! ఇత్తడి సెంబు దేంతో తోమితే మెరుస్తాది? నిమ్మసెక్కతోనే కదా!"

తోమాను. అరచేయంత మచ్చ కాస్తా పళ్లెమంత అయింది. అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? బాత్‌రూం కడిగే యాసిడ్ తెచ్చి పోశాను.

"ఏటండీ అది, బుసకొడతన్నాది!"

"మురికి పోతన్నాదే!"

మురికి కాదు, రాయే పోతోంది. నురగ తగ్గాక చూస్తే నా పాలరాయి నిండా గుంటలు.

రూతు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. కొత్త రాయి వేయిస్తానన్నాను.

"అడిగినప్పుడు ఎయ్యలేదు. ఇప్పుడింకేటీ ముట్టుకోకండి" అంది.

ఆ రోజు నుంచీ గట్టు మీద పాత పేపర్లు పరుచుకుని వండుతోంది, అద్దె ఇంట్లో ఉన్నట్టే. ఆ పేపర్ల చప్పుడు వినబడితే నాకు ముద్ద దిగదు.

మొన్న ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లాం. అమ్మ రాయి మీద చెంబుడు నీళ్లు పోశాను. పోయినేడాది కొవ్వొత్తి కారిన మరకలు రూతు గోటితో గీరితే ఊడి వచ్చేశాయి. నీలం రాయి నిగనిగలాడింది. ఆవిడ కొంగుతో తుడిచి, దాని మీద చాలాసేపు అరచెయ్యి ఆనించి కూర్చుంది.

ఏదో ఒకటి అనాలి కదా అని, "బాగుంది కదూ" అన్నాను.

"అత్త అదృష్టవంతురాలండి. ఈ రాయి కావాలంటే నాను సచ్చీదాకా ఆగాల."

అక్కడికక్కడే అమ్మ రాయి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇకమీదట నా భార్య ఏ రాయి అడిగితే ఆ రాయే, అదీ బతికుండగానే. అమ్మ విన్నదో లేదో తెలియదు. రూతు మాత్రం వినలేదు, కొవ్వొత్తి వెలిగించుకుంటోంది.