కుంకుమ తిన్న ట్యాబ్

మా ఫిల్మ్ నగర్‌లో కొబ్బరికాయ కొట్టకుండా కెమెరా తిరగదు. కెమెరాకి బొట్టు, క్లాప్ బోర్డుకి బొట్టు, ఆఖరికి జనరేటర్ వ్యానుకీ బొట్టు. మూఢనమ్మకాల మీద పేజీలకి పేజీలు డైలాగులు రాసినవాణ్ణి, నేను ఇలాంటివి నమ్మను. కాకపోతే ఏ నిర్మాతకి కథ చెప్పడానికి వెళ్ళినా, బయల్దేరే ముందు నా ట్యాబ్‌కి కాస్త కుంకుమ పెడతాను. అది నమ్మకం కాదు, అలవాటు. తెర పాడవకుండా కింది అంచున, సరిగ్గా మధ్యలో పెడతాను.

ఆ రోజు సాయంత్రం జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతకి కథ చెప్పాలి. చెప్పులరిగేలా తిరిగితే దొరికిన పిలుపు. కథంతా ట్యాబ్‌లోనే ఉంది. ఎవరైనా కొట్టేస్తారన్న భయంతో ఇంకెక్కడా దాచలేదు. పొద్దున చూస్తే ట్యాబ్ ఆరిపోయి ఉంది. ఛార్జర్ పెడితే ఉలకదు, పలకదు.

మా ఆవిడ యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగిన మనిషి. "షాపుల ఇయ్యరాదా? జర చూస్తరు," అంది. షాపువాడు కథ చదివేస్తే? పైగా ఆ వారమంతా నేను రాయాల్సిన సీన్లు పక్కనపెట్టి, ట్యాబులు విప్పి ఏది ఎంత తేలిగ్గా బాగవుతుందో పదికి మార్కులు వేసే వీడియోలు చూస్తూ కూర్చున్నాను. "ముందు ఇది బాగయ్యే సరుకో కాదో నేను తేలుస్తాను," అన్నాను, నా కోర్టు సీన్లో జడ్జిలా.

డైనింగ్ టేబుల్ మీద పాత తువ్వాలు పరిచి, ఆవిడ హెయిర్ డ్రయ్యర్‌తో అంచులు వేడిచేసి, సందులోకి ఏటీఎం కార్డు దూర్చాను. స్క్రూలు లేవు, అంతా జిగురే. ఒక మార్కు కోశాను. గాజు మరీ పల్చన. ఇంకో మార్కు. వీడియోలో ఆయన మణికట్టు తిప్పినట్టే నేనూ తిప్పాను. టిక్కుమంది. తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత పడింది. ఈసారి మార్కులు ఎవరికి కోయాలో నాకు తెలుసు. అయినా ట్యాబ్‌కే కోశాను.

సగం లేచిన తెర కిందికి తొంగిచూస్తే, ఛార్జర్ గుచ్చే రంధ్రం వెనకాల ఎర్రగా కనిపించింది. "లోపల కాలిపోయింది," అని తీర్పు చెప్పాను. ఆవిడ వంగి, వేలితో తాకి, వాసన చూసింది.

"కాలుడేంది? కుంకుమ గది. నువ్వు పెట్టిన బొట్లన్నీ గీడనే పడ్డయి."

టూత్‌పిక్ తెచ్చి ఆ రంధ్రాన్ని బయటి నుంచే గెలికింది. ఎర్రటి ముద్దలు రాలాయి. ఛార్జర్ పెట్టగానే పగిలిన తెర మీద బ్యాటరీ బొమ్మ వెలిగింది. "గోటితోని పోయేదానికి గొడ్డలి పట్టినవ్," అంది. ట్యాబ్ బతికింది కానీ, వేలు పెడితే తెర కదల్లేదు. కథ లోపల, నేను బయట.

పగిలిన అద్దం పట్టుకుని వెళ్తే అపశకునమని గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. అందుకని ఉత్త చేతులతో వెళ్ళి, గుర్తున్నంత నోటితోనే చెప్పాను. ఇన్నాళ్ళూ తల వంచుకుని తెర చూసి చదివేవాణ్ణి. వినేవాళ్ళ మొహం ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూడక తప్పలేదు. ఇంటర్వెల్ ముందు, నేను ప్రాణం పెట్టి రాసుకున్న కోర్టు సీన్ దగ్గర నిర్మాత ఆవలించాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మర్యాదగానే. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతకు ముందు ఇంకెంతమంది అక్కడ ఆవలించారో!

"బాగుందండీ, కబురు చేస్తాం," అన్నాడు. ఆ మాటకి అర్థం ఫిల్మ్ నగర్‌లో ఆటోవాళ్ళకి కూడా తెలుసు.

ఇంటికి రాగానే మా ఆవిడ "ఏమన్నడు?" అని అడిగింది. జరిగింది చెప్పాను.

"గా కథ ఏందో నాకైతే ఎన్నడు జెప్పలే," అంది.

నిజమే. ఆవిడకేం తెలుస్తుందిలే అనుకునేవాణ్ణి. ఎదురుగా కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను. సినిమావాళ్ళ మర్యాదలు తెలియని మనిషి కదా, కోర్టు సీన్ దగ్గర చెయ్యి కూడా అడ్డం పెట్టుకోకుండా ఆవలించింది.