ఏడో రోజు చెమట

నాన్నకి జ్వరం ఎప్పుడు మొదలైందన్న విషయంలో మా ఇంట్లో ఏకాభిప్రాయం కుదరలేదు. ఆదివారం రాత్రి అన్నం వదిలేసి లేచారు కాబట్టి ఆదివారమే అని అమ్మ. సెలవు చీటీ సోమవారం రాశారు కాబట్టి సోమవారమని నాన్న. గవర్నమెంటు ఉద్యోగికి సెలవు పెట్టకముందు జ్వరం రాదు.

మామూలుగా అయితే ఇది పెద్ద విషయం కాదు. కానీ ఛత్రినాకలో మా సందు చివర యునానీ వైద్యం చేసే హకీం గారు రోజులు గుర్తుపెట్టుకోమన్నారు. నాన్న నాడి పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ఒంట్లో తబీయత్ అనే శక్తి ఒకటి ఉంటుందట, తప్పిన సమతూకాన్ని అదే సరిచేసుకుంటుందట. ఏడో రోజు రోగంతో తేల్చుకుంటుంది, గెలిస్తే చెమట పోస్తుంది అన్నారు.

"మరి మీ మందు?" అన్నాను.

"నా మందు దానికి నౌకరు బేటా. నేను గూడ నౌకర్నే. నడుమల మీరు లొల్లి చేయకుండ్రి, గంతే."

నేను బీఎస్సీ. రోజులు లెక్కపెట్టుకునే శక్తి మా సిలబస్‌లో లేదు. అలాగని లేదని వాదించేంత మార్కులూ నాకు రాలేదు.

అమ్మ ఆస్పత్రి అంది. నాన్న సూదికి ఒప్పుకోలేదు. శుక్రవారం జ్వరం బాగా పెరిగి, నన్ను చూసి వాళ్ళ సూపరింటెండెంటు అనుకుని లేచి నిలబడబోయారు. అప్పుడు భయమేసింది. శనివారం సాయంత్రం దాకా చూసి, చెమట పట్టకపోతే ఆటో ఎక్కిద్దామని అమ్మా నేనూ రాజీకొచ్చాం. శనివారం అమ్మ లెక్కన ఏడో రోజు, నాన్న లెక్కన ఆరోది.

శనివారం మూడింటికి కరెంటు పోయింది. మే నెల. అరగంటలో నాన్న బనీను తడిసింది. నాదీ తడిసింది. అమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ నాకేసి చూసింది. చదువుకున్నవాణ్ణి కదా, ఇది తబీయత్ పోసిన చెమటో, ఫ్యాను ఆగి పట్టిన చెమటో చెప్పాలి. హకీం గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయనా విసనకర్రతో విసురుకుంటున్నారు. ముగ్గురికీ చెమట పడుతోందని చెప్పాను. విసనకర్ర పక్కన పెట్టారు.

"ముగ్గురిల బుఖార్ ఎవరికుండె?"

"నాన్నకి."

"మరి ఆయన ఒళ్ళు పట్టి చూసినవా, గట్లనే ఉరికొచ్చినవా?"

చూడలేదు.

ఇంటికొచ్చి నుదుటిమీద చెయ్యి వేశాను. నా చెయ్యికన్నా చల్లగా ఉంది. కాస్త చారన్నం పెట్టమన్నారు నాన్న. అమ్మ గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడింది. నేను ఇంకోసారి చెయ్యి వేసి చూశాను.

అంతలో కరెంటొచ్చి ఫ్యాను తిరగడం మొదలెట్టింది. ఆస్పత్రి అన్న అమ్మే వెళ్ళి దాన్ని ఆపేసింది. "నడుమల లొల్లి చేయకు," అంది, అచ్చం హకీం గారిలాగే.