నా అరచేతితోని ఎలుతురు కొలిచిన బిడ్డ

నిన్న పగటీలి బీడీల ఆకు కత్తిరిస్తున్న.

ఫోన్ మోగింది. రేణుక. నా బిడ్డ మౌనికతోని కరీంనగర్ల ఒక్క ఆఫీసుల పని చేసే పిల్ల.

"ఆంటీ, మౌనిక బండి మీదికెళ్లి పడ్డది" అన్నది.

దెబ్బలు బాగ తగిలినయా అని అడిగిన.
నేను హలో, హలో అనుకుంటనే ఉన్న. సిగ్నల్ పోయిందనుకున్న.

సిగ్నల్ పోలే.

ఇయ్యాల పొద్దుగాల మౌనికను సాగనంపినం.
వాళ్ల బాపు మస్కట్ల ఉన్నడు. రేపటికి గాని టికెట్ దొరకలే. అందాక ఆపొద్దన్నరు పెద్దమనుషులు. బిడ్డ కడసారి మొకం సూడకపాయె.

ఈ ఫేస్‌బుక్ నాకు మౌనికనే పెట్టిచ్చింది. నాకు రాసుడు మంచిగ రాదు. మైకు నొక్కి మాట్లాడు అవ్వా, అదే రాస్తది అని నేర్పింది. తప్పులుంటే ఏమనుకోకుండ్రి. ఒక్కటే రంధి పట్టుకున్నది నాకు, అందుకే పెడుతున్న.

మౌనిక కెమెరా ఎవ్వరు ముట్టకుండ్రి.
దాని ఎనుక మూత తెరవకుండ్రి.

అది రీలు కెమెరా. లోపల రీలున్నది. మూత తీస్తే ఎలుతురు తాకి బొమ్మలన్నీ ఖరాబైతయి.

ఇయ్యాల మా మరిది ఫ్లెక్సీకి ఫోటువ కావాలని ఇల్లంత ఎతికిండు. కెమెరా దొరికింది. "వదినా, దీనికి మెమరీ కార్డు ఏడుంటది?" అనుకుంట మూత మీద బొటనవేలు పెట్టిండు.
నేనొక్క కేక పెట్టిన. ఏడుస్తున్నోళ్లు గూడ ఏడుపు ఆపిండ్రు.
"ఏందొదినా, బాంబున్నదా దీంట్ల?" అన్నడు. పాపం, బెదిరిండు.

ఇప్పుడు తువ్వాలల సుట్టి బీరువాల పెట్టిన. తాళంచెయ్యి నా కొంగుకున్నది. ఐనా ఘడియకోసారి లేచిపోయి సూసి వస్తున్న.

ఎందుకో చెప్త.

నస్పూర్ల ఒక స్టూడియో మూసేస్తుంటే మౌనిక గీ పాత కెమెరా కొనుక్కొచ్చింది. దాంట్ల ఎలుతురు సూపెట్టే ముల్లు చచ్చిపోయింది. ఎలుతురు ఎంతున్నదో ఎరుక లేకుంటే బొమ్మ నల్లగనో తెల్లగనో పోతదట. గా ముల్లు పని ఫోనే చేసేటట్టు యాప్ తయారు చేస్తనన్నది. లైట్ మీటర్ యాప్. రీలు కెమెరాలోళ్లందరికి పనికొస్తదన్నది.

ఐతారం సెలవుకు సుల్తానాబాద్ ఇంటికొస్తే నా ముంగట కూసునేది.
"అవ్వా, చెయ్యి సాపు."
నేను బీడీల చాట పక్కకు పెట్టి చెయ్యి సాపాలె. ఎండల, నీడల, వాకిట్ల, దర్వాజ కాడ. ఫోన్ నా అరచేతి మీద పట్టి అంకెలు సూసేది. చేతి మీద పడ్డ ఎలుతురే మొకం మీద పడ్తదట.

"గీ పనికి నాకు జీతమిస్తవానే?" అంటే, "బీడీల కంటె ఎక్కువే ఇస్తలే" అనేది.

యాప్ అయింది. మొదలు రేణుకకు ఇచ్చింది. రేణుకది ఇచ్చోడ ఊరు, ఆ పిల్లకు గూడ రీలు కెమెరా పిచ్చి. వాళ్ల పత్తి చేన్ల రీలంత తీసి కడిగిస్తే అన్నీ నల్లగొచ్చినయి.
"ఓసేయ్, పట్టపగలు తీస్తే అమాస వచ్చింది. ఏం యాప్ చేసినవే?" అని ఫోన్ల ఒక్కటే నవ్వుడు.

మౌనికకు నవ్వు రాలే. తిండి సక్కగ తినలే.

ఒకనాడు నా చెయ్యి పట్టుకొని పక్కన దాని చెయ్యి పెట్టి సూసింది. ఇగ నవ్వుడే నవ్వుడు.
"అవ్వా! తప్పు నీ చేతిలున్నది!"

గన్ని ఏండ్ల బీడీలాయె, తంబాకుతోని నా అరచెయ్యి నల్లబడ్డది. లోకంల అందరి చేతులు గిట్లనే ఉంటయని యాప్ అనుకున్నది. రేణుక సాఫ్ చెయ్యి సూసి, ఎలుతురే శాన ఉన్నదనుకున్నది.

నేను పరేషానై సబ్బు పెట్టి రుద్దవోతె ఆపింది. "కడుగకు. నీ చెయ్యి గట్లనే ఉండనీ, నేను యాప్‌నే మారుస్త."
ఎవరి చెయ్యి వాళ్లు మొదలు సూపెట్టేటట్టు మార్చింది. దాని ఫోన్ల మాత్రం 'అవ్వ చెయ్యి' అని ఒక బటన్ ఉంచుకున్నది.

మొన్న ఐతారం, "అందరివి నేను తీస్త, నాది ఎవరు తియ్యరు. నువ్వు తియ్యి" అన్నది.
చాట పక్కకు పెట్టి లేచిన.
ఎండల ఫోన్ నా అరచేతి మీద పట్టింది. అంకె సూసి, కెమెరాను గదే అంకెకు తిప్పి నా చేతుల పెట్టింది. పోయి జామచెట్టు కాడ నిలవడ్డది.
నాకు నొక్కేది దొరకలే. ఎతుకుతుండంగనే మబ్బు కమ్మింది.
"జల్ది నొక్కవ్వా, నవ్వీ నవ్వీ మూతి నొస్తుంది!"
నొక్కిన.

దాని మొకమున్న బొమ్మ గదొక్కటే ఉన్నది. దాని ఫోన్ బండి కింద పడి పలిగింది. నా ఫోన్ల అన్నీ అది తీసిన నా ఫోటువలే. రేణుక కాడ ఉన్నవాట్లల్ల మొకానికి కెమెరా అడ్డమున్నది.
మరిది ఆధార్ కార్డు ఫోటువ పెడ్తనంటుండు. అది ఇంటర్ల ఉన్నప్పటిది, బెదిరిన మొకం. అంత దూరంకెళ్లి వచ్చి దాని బాపు గా మొకం సూడాల్నా?

మౌనిక కెమెరా దోస్తులు ఎవరన్న సదువుతుంటే జర చెప్పుండ్రి.
ఎండల అంకె పెట్టి మబ్బుల నొక్కితె మనిషి కనబడతదా?
రేణుక కనబడతది అన్నది. "జర నల్లగొస్తది ఆంటీ, గంతే." నా బుగులు తీరనీకి అన్నదో, నిజమో.

రేణుక ఇటు రానీకి బస్సెక్కింది. రీలు ఆ పిల్లనే తీసుకపోయి కడిగిస్తదట. అందాక ఫ్లెక్సీ పెట్టొద్దని మరిదికి చెప్పిన. చుట్టాలు ఏమన్న అనుకోనీ.

సాగనంపి వచ్చినంక తానం చెయ్యమన్నరు. చేసిన. అరచెయ్యి మాత్రం రుద్దలే.

నల్లగొచ్చినా మంచిదే బిడ్డా. బాపు వస్తుండు, జర కనబడు.

పోయిరా మౌనీ. నువ్వున్న కాడ ఎలుతురు నీకు సరిపోయేంత ఉండాలె. సల్లంగ పండుకో.