గడబిడ పోగుచేసిన అమ్మాయి

బుధవారం సాయంత్రం, వరంగల్‌లో మా మార్కెట్ సంఘం గది. ఉన్నవారు: అధ్యక్షుడు, కార్యదర్శిగా నేను, పూలమ్మే అవ్వ, డ్రా తీయడానికి వచ్చిన కంప్యూటర్ అమ్మాయి.

కొత్త మార్కెట్‌లో దుకాణాలను మరునాడు కంప్యూటర్ డ్రా తీసి పంచాలి. అవ్వకు ముందు వరుస రాకపోతే పూలు కొనేవాళ్లు ఆమె దాకా రారు. ఆ అమ్మాయి పరీక్షగా రెండుసార్లు డ్రా నడిపింది. రెండుసార్లూ పేర్లు అదే వరుసలో వచ్చాయి.

“చూసినోళ్లు ముందే ఫిక్స్ చేసిండ్రంటరు బిడ్డా,” అన్నాడు అధ్యక్షుడు.

“ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఇప్పుడే ఆన్ చేసిన మిషన్, వరుస మార్చేటందుకు లోపల ఇంకా గడబిడ లేదు. గడబిడ పోగుచేసే సాఫ్ట్‌వేర్ పెడ్తున్న. మీరు మీటలు ఎట్లబడితే అట్ల నొక్కితే ఆ గడబిడ దాంట్ల కలుస్తది.”

తర్వాత కీబోర్డు మా ముందుకు జరిపింది. ఏ డ్రాకైనా ముందు ఆమె అనే మాట ఒకటే: “జర కలుపుండ్రి.”

మేము తోచిన మీటలు నొక్కాం. అవ్వ చేతులు కొంగులో దాచుకుంది.

“నా చెయ్యి మంచిది కాదు బిడ్డా.”

“మిషన్‌కు మంచి చెయ్యి, చెడ్డ చెయ్యి తెల్వదవ్వా. కలుపు.”

అవ్వ పూలు గుచ్చినంత నెమ్మదిగా ఒక్కో మీటా నొక్కింది. ఆ తర్వాత ప్రతి పరీక్షకూ వరుస మారింది. అయినా అవ్వకు ఏ వరుస వస్తుందోనన్న నా భయం పోలేదు.

మర్నాడు పొద్దున అసలు డ్రాలో అవ్వకు చివరి వరుస వచ్చింది.

“ఇంకోపారి నొక్కు బిడ్డా,” అన్నాడు అధ్యక్షుడు మెల్లగా. అమ్మాయి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

“వద్దు,” అంది అవ్వ. “నేను గూడ కలిపిన గద.”

అమ్మాయి లేచి, అవ్వ పూలగంపను ఒక పక్క పట్టుకుని, కొత్త మార్కెట్‌లో చివరి వరుస దాకా ఆమెతో నడిచింది.